మైదానం నుండి వైద్యశాలకు: డాక్టర్ తాలిమెరెన్ ఆవో జీవితం

మనిషికి లభించిన ప్రతి శక్తీ అల్లాహ్ అప్పగించిన అమానత్. కాళ్ళలోని వేగమైనా, చేతిలోని నైపుణ్యమైనా, మెదడులోని చురుకుదనమైనా అది మన సొంత ఆస్తి కాదు. దానిని దేనికోసం, ఎవరికోసం వెచ్చించాలన్న ప్రశ్న ప్రతివారికీ ఏదో ఒకనాడు ఎదురవుతుంది. చాలామందికి ఆ ప్రశ్న నిశ్శబ్దంగా వచ్చి వెళ్ళిపోతుంది. కొందరికి మాత్రం అది చాలా ఖరీదైన రూపంలో ఎదురై నిలుస్తుంది.

1948లో లండన్ నగరంలో ముప్ఫై ఏళ్ళ ఒక భారతీయ యువకుడికి అలాంటి ప్రశ్నే ఎదురైంది. ఒకవైపు ప్రపంచంలోని అగ్రశ్రేణి క్లబ్బులలో ఒకటి అందించిన అవకాశం. మరోవైపు పదమూడేళ్ళ క్రితం కన్నుమూసిన తండ్రి మనసులోని కోరిక. ఆయన తండ్రి కోరికనే ఎంచుకున్నారు. ఆయనే స్వతంత్ర భారత ఫుట్‌బాల్ జట్టుకు తొలి సారథి, తరువాతి కాలంలో నాగా కొండలలో వైద్యుడిగా జీవితమంతా గడిపిన డాక్టర్ తాలిమెరెన్ ఆవో. ఆటల చరిత్రలో ఆయనను టి. ఆవో అని పిలుస్తారు.

కొండల నడుమ బాల్యం

తాలిమెరెన్ 1918 జనవరి 28న చాంగ్కి అనే గ్రామంలో జన్మించారు. నేటి నాగాలాండ్‌లోని మొకోక్‌చుంగ్ ప్రాంతానికి చెందిన ఈ గ్రామం ఆనాడు అస్సాం పరిధిలోని నాగా కొండల జిల్లాలో ఉండేది. ‘ఆవో’ అన్నది ఆయన తెగ పేరు. తండ్రి సుబోంగ్‌వాటి నింగ్‌దరి క్రైస్తవ మతబోధకులు. పెద్ద కుటుంబం, పరిమితమైన ఆదాయం. తాలిమెరెన్ పసివాడిగా ఉన్నప్పుడే ఆ కుటుంబం ఇంపూర్ మిషన్ ఆవరణకు తరలివెళ్ళింది.

ఆ ఆవరణలో చిన్నదే అయినా ఒక ఆటస్థలం ఉండేది. కొనుక్కునే స్తోమత లేని పిల్లలు చింకిగుడ్డలను చుట్టి బంతిగా చేసుకొని ఆడేవారు. తాలిమెరెన్‌కు ఫుట్‌బాల్ అబ్బింది అక్కడే. గుడ్డబంతి గట్టి బంతిలా ఎగిరిపడదు. తన్నిన చోటికి తిన్నగా పోదు. దానిని అదుపులో ఉంచుకోవాలంటే పాదం మెత్తగా, చూపు నిశితంగా ఉండాలి. ఇంపూర్ తరువాత జోర్హాట్‌లోని మిషన్ పాఠశాలలో చదువు కొనసాగింది. అక్కడ చదువుతో పాటు ఆటలోనూ ఆయన పేరు వినిపించసాగింది.

1935లో ఆ ఇంటిపై పిడుగు పడింది. తండ్రి టైఫాయిడ్‌తో మరణించారు. తన కుమారుడు వైద్యుడు కావాలని, తమ ప్రజలకు సేవ చేయాలని ఆయన కోరుకున్నారు. ఈ కోరికలో రెండు భాగాలున్నాయని పాఠకులు గమనించాలి. వైద్యుడు కావడం ఒకటి, ప్రజలకు సేవ చేయడం మరొకటి. తాలిమెరెన్ జీవితంలో తరువాత జరిగినదంతా ఈ రెండు భాగాలనూ విడదీయకుండా నెరవేర్చడానికి ఆయన చేసిన ప్రయత్నమే.

ఆనాడు టైఫాయిడ్‌కు మందు లేదు. రోగి శరీరం తట్టుకుంటే బ్రతుకు, లేకుంటే మరణం. ఆ వ్యాధిపై పనిచేసే మొదటి ఔషధమైన క్లోరాంఫెనికాల్ ప్రభావం రుజువైనది 1948లో. అప్పటికి తాలిమెరెన్ కలకత్తాలో వైద్య విద్యార్థి. తన తండ్రిని బలిగొన్న జబ్బుకు వైద్యశాస్త్రం సమాధానం కనుగొన్న ఆ సంవత్సరమే ఆయన ఒలింపిక్ మైదానంలో దేశ పతాకాన్ని మోశారు.

చదువు ఒక భుజాన, ఆట ఒక భుజాన

జోర్హాట్ తరువాత ఆయన గౌహతిలోని కాటన్ కళాశాలలో చేరారు. ఆ నగరంలోని మహారాణా క్లబ్ తరఫున ఆడారు. ఎత్తైన దేహం, గాలిలో బంతిని అందుకునే నేర్పు, ఎదుటి జట్టు దాడిని ముందే పసిగట్టే తెలివి ఆయనను హాఫ్‌బ్యాక్ స్థానంలో తిరుగులేని ఆటగాడిగా నిలబెట్టాయి. ఎదుటివారి దాడిని ఆపి, తమవారికి బంతి అందించడం ఆ స్థానంలో ఆడేవారి పని. గోల్ కొట్టినవారి పేరు లోకం గుర్తుంచుకుంటుంది. ఆ గోల్‌కు దారి వేసినవారి శ్రమ చాలాసార్లు లెక్కలోకి రాదు.

1942లో కలకత్తాలోని కార్మైకేల్ వైద్య కళాశాలలో ఆయనకు సీటు లభించింది. ఈ కళాశాలకే 1948లో దాని వ్యవస్థాపకులైన డాక్టర్ రాధాగోవింద కర్ పేరు పెట్టారు. మరుసటి సంవత్సరం, 1943లో, ఆయన మోహన్ బగాన్ క్లబ్‌లో చేరారు.

కలకత్తాలో ఫుట్‌బాల్ అప్పటికే కేవలం వినోదం కాదు. 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలిచింది. బూట్లు తొడిగిన బ్రిటిష్ సైనికులపై దాదాపు జట్టంతా వట్టి కాళ్ళతో సాధించిన ఆ విజయం బానిస దేశానికి ఊపిరి పోసింది. తరువాత ముస్లింల క్లబ్ అయిన మొహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుండి 1938 వరకు వరుసగా ఐదేళ్ళు కలకత్తా లీగ్‌ను గెలుచుకుంది. అంతకు ముందు ఏ భారతీయ జట్టూ ఆ లీగ్‌ను గెలవలేదు. అదే క్లబ్ ఆటగాడు మొహమ్మద్ సలీమ్ 1936లో స్కాట్లాండ్ వెళ్ళి, పాదాలకు కట్లు కట్టుకొని సెల్టిక్ క్లబ్ తరఫున ఆడి అక్కడివారిని ఆశ్చర్యపరిచారు. అక్కడే ఉండిపొమ్మని వారు కోరినా ఆయన స్వదేశానికి తిరిగి వచ్చేశారు. ఆవో అడుగుపెట్టినది ఇలాంటి నగరంలో, ఇలాంటి సంప్రదాయంలో.

ఆవో చేరిన సంవత్సరమే మోహన్ బగాన్ లీగ్ విజేతగా నిలిచింది. 1944లోనూ అదే ఫలితం. ఆయన త్వరలోనే ఆ జట్టుకు నాయకుడయ్యారు. అయితే ఆ సంవత్సరాలు ఎంత కఠినమైనవో మరువరాదు. 1943లో బెంగాల్ కరువు లక్షలాది ప్రాణాలను బలిగొంది. 1944లో జపాన్ సేనలు కొహిమా దాకా వచ్చాయి. ఆయన పుట్టిన కొండ ప్రాంతమే యుద్ధభూమిగా మారింది. 1946 ఆగస్టులో కలకత్తా వీధులు మత కల్లోలాలలో రక్తసిక్తమయ్యాయి. మరుసటి ఏడు దేశ విభజన. ఆకలి, యుద్ధం, కల్లోలం చుట్టుముట్టిన ఆ నగరంలో ఆయన వైద్యవిద్య కొనసాగింది. సాయంత్రం మైదానం, మిగిలిన సమయమంతా కళాశాల, ఆసుపత్రి. ఈ రెండింటిలో దేనినీ ఆయన వదిలిపెట్టలేదు.

లండన్‌లో వట్టి కాళ్ళ జట్టు

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం లండన్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో పాల్గొనడం అదే మొదటిసారి. ఆ జట్టుకు ఆవోను నాయకుడిగా ఎన్నుకున్నారు. 1948 జులై 29న వెంబ్లీ స్టేడియంలో జరిగిన ప్రారంభోత్సవంలో భారత బృందానికి ముందు నిలిచి త్రివర్ణ పతాకాన్ని పట్టుకొని నడిచినది కూడా ఆయనే. మోహన్ బగాన్ షీల్డ్ గెలిచి సరిగ్గా 37 సంవత్సరాలు నిండిన రోజు అది.

దేశంలోని నలుమూలల నుండి వచ్చిన ఆటగాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. బెంగాల్‌కు చెందిన శైలేన్ మన్నా, బెంగళూరుకు చెందిన అహ్మద్ ఖాన్, సారంగపాణి రామన్, తాజ్ మొహమ్మద్, మేవాలాల్ వంటివారు ఒక నాగా యువకుని నాయకత్వంలో ఆడారు. మతం పేరిట దేశం చీలి ఏడాది కూడా కాని సమయంలో వారంతా ఒకే పతాకం క్రింద నిలబడ్డారు.

జులై 31న ఇల్‌ఫర్డ్‌లోని క్రికెల్‌ఫీల్డ్ మైదానంలో ఫ్రాన్స్‌తో పోటీ జరిగింది. భారత జట్టులోని 11 మందిలో ఎనిమిది మంది వట్టి కాళ్ళతోనే ఆడారు. మొదట ఫ్రాన్స్ ఒక గోల్ చేసింది. 70వ నిమిషంలో రామన్ గోల్ చేసి లెక్క సరిచేశారు. భారత్‌కు రెండు పెనాల్టీ కిక్‌లు లభించినా రెండూ గోల్ కాలేదు. చివరకు 89వ నిమిషంలో ఫ్రాన్స్ మరో గోల్ చేసి 2-1తో గెలిచింది. ఓడిపోయిన జట్టుకు ఆ రోజు ప్రేక్షకులు చూపిన ఆదరణ గెలిచిన జట్టుకు తీసిపోలేదు.

బూట్లు ఎందుకు తొడుక్కోలేదని విలేకరులు అడిగినప్పుడు ఆవో ఇచ్చిన జవాబు నేటికీ ప్రచారంలో ఉంది. తాము ఆడేది పాదాలతో ఆడే ఫుట్‌బాల్ అని, ఇక్కడివారు ఆడుతున్నది బూట్‌బాల్ అని ఆయన చమత్కరించారట. పేద దేశపు ఆటగాళ్ళను చిన్నచూపు చూడాలనుకున్న ప్రశ్నకు కోపగించుకోకుండా, తలవంచకుండా ఇచ్చిన సమాధానం అది.

లండన్ పిలుపు

ఆవో ఆటను చూసిన లండన్ నగరపు ఆర్సెనల్ క్లబ్ ఒక సంవత్సరం కాంట్రాక్టు ఇవ్వడానికి ముందుకు వచ్చిందన్నది ఆయన గురించి అందరూ చెప్పుకునే ఘట్టం. ఆయన దానిని సవినయంగా నిరాకరించారు. వైద్యవిద్య పూర్తి చేయవలసి ఉందన్నదే కారణం.

ఈ నిరాకరణ విలువ తెలియాలంటే ఆనాటి పరిస్థితి తెలియాలి. ఇంగ్లండులో ఆటకు జీతం తీసుకోవడాన్ని 1885లోనే చట్టబద్ధం చేశారు. అక్కడ ఫుట్‌బాల్ ఒక వృత్తి. భారతదేశంలో అప్పటికి అది వృత్తి కాదు. కలకత్తాలో వేలాది జనం జేజేలు పలికే ఆటగాడైనా పొట్ట గడవడానికి మరో ఉద్యోగం వెతుక్కోవలసిందే. కాబట్టి ఇంగ్లండులో వృత్తి ఆటగాడిగా స్థిరపడే అవకాశం ఏ భారతీయుడికైనా ఊహకందని విషయం. నిజమే, నేటి ఆటగాళ్ళలా కోట్లు కురిసే కాలం కాదది. ఆనాడు అక్కడి ఆటగాళ్ళ జీతానికి వారానికి 12 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉండేది. అయినా పేరు, పత్రికల ప్రశంస, యూరప్ జీవితం, చరిత్రలో తొలివాడన్న ఘనత ఇవన్నీ దానితో పాటు లభించేవి.

వైద్యుడిగా ఉంటూ ఆర్సెనల్‌కు ఆడడం అసాధ్యమేమీ కాదు. ఆ రోజులలోనే కెవిన్ ఓఫ్లానగన్ అనే ఐరిష్ వైద్యుడు లండన్‌లో వైద్యం చేస్తూ ఆ క్లబ్‌కు జీతం లేని ఆటగాడిగా ఆడేవారు. కాని ఓఫ్లానగన్ రోగులు లండన్‌లో ఉన్నారు. ఆవో రోగులు నాగా కొండలలో ఉన్నారు. తండ్రి కోరినది కేవలం వైద్య పట్టా అయితే లండన్‌లో ఉంటూనే దానిని సంపాదించే మార్గం వెతుక్కోవచ్చు. తండ్రి కోరినది తమ ప్రజల సేవ. దానికి తిరిగి రావడం తప్ప మరో దారి లేదు.

ఆయన వదులుకున్నది ఆ ఒక్క అవకాశమే కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణ పతకం గెలిచింది. ఆ జట్టు నాయకుడు ఆవోతో కలిసి మోహన్ బగాన్‌కు ఆడిన శైలేన్ మన్నా. శిక్షకుడు మన హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ రహీమ్ సాహెబ్ శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962లో జకార్తాలో మరోసారి ఆసియా స్వర్ణం గెలిచింది. భారత ఫుట్‌బాల్‌కు అది స్వర్ణయుగం. ఆ యుగానికి ద్వారం తెరిచినవారిలో ఒకరైన ఆవో మాత్రం ఆ పతకాల వరుసలో లేరు. అప్పటికి ఆయన మరో బాట పట్టారు.

కొండలలో వైద్యుడు

1950లో ఆయన ఎం.బి.బి.ఎస్. పూర్తి చేశారు. మోహన్ బగాన్‌తో తొమ్మిదేళ్ళ అనుబంధం 1952తో ముగిసింది. తరువాత అస్సాంలోని దిబ్రూగఢ్‌లో కొంతకాలం పనిచేసి, అక్కడి నుండి నాగా కొండలకు చేరుకున్నారు. కొహిమాలో అసిస్టెంట్ సివిల్ సర్జన్‌గా బాధ్యతలు స్వీకరించారు.

ఆనాటి నాగా కొండలలో వైద్యం అంటే ఏమిటో మైదాన ప్రాంతాలవారు ఊహించుకోవడం కష్టం. గ్రామాలు కొండ శిఖరాలపై ఉంటాయి. ఒక ఊరి నుండి మరో ఊరికి వెళ్ళాలంటే లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి. రోడ్లు తక్కువ, ఆసుపత్రులు మరీ తక్కువ. వర్షాకాలంలో దారులు తెగిపోతాయి. పైగా 1950ల నుండి ఆ ప్రాంతం సాయుధ పోరాటంతో, సైనిక చర్యలతో అట్టుడికిపోయింది. చదువుకున్నవాడు అలాంటి చోటు నుండి బయటపడాలని చూడడం సహజం. కలకత్తాలో పేరున్న డాక్టర్ ఆవో కోరి అక్కడికే తిరిగి వచ్చారు.

1963 డిసెంబర్ 1న నాగాలాండ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. కొత్త రాష్ట్రానికి అన్నీ మొదటి నుండి నిర్మించుకోవలసిన పరిస్థితి. ఆవో రాష్ట్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ స్థాయికి ఎదిగారు. ఒక్కొక్క రోగి నాడి చూసే బాధ్యత నుండి మొత్తం రాష్ట్ర ప్రజల ఆరోగ్యాన్ని చూసే బాధ్యతకు చేరుకున్నారు. మైదానంలో హాఫ్‌బ్యాక్‌గా చేసిన పనికీ దీనికీ పోలిక ఉంది. ఇక్కడా ప్రమాదాన్ని ముందే పసిగట్టి అడ్డుకోవాలి. ఇక్కడా ఫలితం కనిపించినప్పుడు అడ్డుకున్నవాడి పేరు ఎవరూ చెప్పుకోరు. రాకుండా ఆగిపోయిన జబ్బుకు వార్త ఉండదు.

1978లో ఆయన పదవీ విరమణ చేశారు. 1998 సెప్టెంబర్ 13న, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అస్సాంలోని కలియాబోర్‌లో ఒక స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఈశాన్య రాష్ట్రాలలో ఆయన పేరిట ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి.

మన ఇళ్ళకు ఏమి చెబుతుంది?

డాక్టర్ ఆవో ముస్లిం కారు. అయినా ఆయన జీవితం మన ధర్మం మనకు నేర్పిన కొన్ని విషయాలను గుర్తు చేస్తుంది.

తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను దివ్యఖుర్‌ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఏకదైవారాధన ఆజ్ఞ వెన్వెంటనే ప్రస్తావించింది. మరి వారు మరణించిన తరువాత ఆ బాధ్యత ముగిసిపోతుందా? ఇదే ప్రశ్నను ఒక వ్యక్తి దైవప్రవక్త ముహమ్మద్ (స) ముందు ఉంచినట్లు హజ్రత్ అబూ ఉసైద్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. ముగియదన్నదే దానికి లభించిన సమాధానం. వారి కోసం దుఆ చేయడం, వారి ఒప్పందాలను నెరవేర్చడం, వారి బంధుమిత్రులను ఆదరించడం సంతానం బాధ్యతలుగా అక్కడ పేర్కొనబడ్డాయి. తండ్రి కళ్ళెదుట లేకపోయినా, అడిగేవారెవరూ లేకపోయినా, ఆయన మనసులోని మాటను పదిహేనేళ్ళు మోసి నెరవేర్చిన కుమారుడి కథ ఈ వెలుగులో చూడదగినది.

రెండవది, ఆట గురించి. ఆటలంటే కాలయాపన అని కొట్టిపారేసే పెద్దలు మనలో ఉన్నారు. ఆటే సర్వస్వమని నమాజునూ చదువునూ మరిచే పిల్లలూ ఉన్నారు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెంలో పాల్గొన్నారు. పండుగనాడు అబిసీనియా వాసులు మస్జిదులో ఈటెలతో చేసిన విన్యాసాలను అనుమతించారు. విలువిద్యను ప్రోత్సహించారు. దేహదారుఢ్యం అల్లాహ్ వరమే. కాని అది గమ్యం కాదు, సాధనం. ఆవో ఆటను ద్వేషించి వదలలేదు. దానికి తగిన స్థానమిచ్చారు. ఆట ఆయనకు క్రమశిక్షణను, ధైర్యాన్ని, నలుగురితో కలిసి నడిచే గుణాన్ని ఇచ్చింది. ఆ గుణాలను ఆయన ఆసుపత్రికి తీసుకువెళ్ళారు.

మూడవది తల్లిదండ్రులు తమను తాము ప్రశ్నించుకోవలసిన విషయం. మా అబ్బాయి డాక్టర్ కావాలి, మా అమ్మాయి డాక్టర్ కావాలి అన్న మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. సీటు కోసం ఆస్తులు తాకట్టు పెట్టేవారూ ఉన్నారు. కాని ఆ కోరికలో రెండవ భాగం ఎంతమంది నోట వస్తున్నది? డాక్టరై ఎవరికి వైద్యం చేయాలి? మన పేటలో, మన పల్లెలో, మందు కొనలేని రోగి దగ్గరికి ఎవరు వెళ్ళాలి? హోదా కోసం, సంబంధాల కోసం, సంపాదన కోసం మాత్రమే పిల్లలను ఆ చదువు వైపు తోస్తే వారు మోసేది మన కోరికను కాదు, మన బరువును. పిల్లల అభిరుచిని చూడకుండా చేసే ఒత్తిడి వారిని విరిచివేస్తుంది కూడా. సుబోంగ్‌వాటి తన కుమారుడికి ఆస్తి ఇవ్వలేదు, ఒక ఉద్దేశాన్ని ఇచ్చారు. ఉద్దేశం పవిత్రమైనది కావడం వల్లనే అది ఆ కుమారుడికి సంకెల కాలేదు, దారి అయింది.

కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయని విశ్వసించే మనకు ఇది కొత్త పాఠం కాదు. ఒక ప్రాణాన్ని నిలబెట్టడం ఎంత గొప్ప కార్యమో మాయిదా సూరా మనకు తెలియజేసింది. అలాంటి పనికి తమ పిల్లలను సిద్ధం చేసే తల్లిదండ్రులకు, ఆ పిల్లల చేతుల మీదుగా స్వస్థత పొందిన ప్రతి రోగి విషయంలోనూ పుణ్యఫలం లభిస్తుందని ఆశించవచ్చు. మన బిడ్డలలో ఎవరికి ఏ ప్రతిభ ఉన్నా, దానిని తన దాసుల మేలుకు వినియోగించే భాగ్యాన్ని అల్లాహ్ వారికి ప్రసాదించుగాక! ఆమీన్.